డిప్యూటీ డైరెక్టర్‌గారి గుప్పెడు ఆకు

మంత్రిగారికి విదేశంలో గుండె కలుక్కుమనకపోయి ఉంటే రాళ్ళగుంటపాలేనికి ఈ యోగం పట్టేది కాదు. అక్కడి డాక్టర్లు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, గుండెలో స్టెంట్లు వేసి, వారం పాటు కంటికి రెప్పలా చూసుకుని, ఇంటికి పంపేటప్పుడు మర్యాదకి ఓ సీసా చేతిలో పెట్టారు. హాథార్న్ అనే చెట్టు ఆకులూ పూలూ మరిగించి తీసిన పాకం అది. గుండెకి బలమట. మంత్రిగారు విమానం దిగేసరికి స్టెంట్ల సంగతి మరిచిపోయారు, సీసా ఒక్కటే గుర్తుంది. "నన్ను బతికించింది చెట్టయ్యా!" అని విమానాశ్రయంలోనే మైకుల ముందు ప్రకటించేశారు. ఇంకేముంది, చూస్తుండగానే రాష్ట్ర హృదయ వృక్ష పరిశోధనా సంస్థ పుట్టుకొచ్చింది.

హాథార్న్ మంచుకొండల వాలుల్లో పెరిగే ముళ్ళచెట్టు. రేగుపండంత ఎర్రటి కాయలు కాస్తుంది. చలి లేకపోతే దానికి ఊపిరాడదు. అలాంటి చెట్టుకి ఎక్కడ చోటు చూడాలి? ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా ఉందో అక్కడే చూడాలి. పల్నాట నాపరాతి క్వారీల మధ్య రాళ్ళగుంటపాలెం శివార్లలో ఉంది ఖాళీ. వేసవిలో అక్కడ కాకి కూడా కరెంటు తీగ మీద వాలడానికి జంకుతుంది. స్థల పరిశీలన సంఘం వాళ్ళు డిసెంబరు నెలలో పొద్దున్నే వచ్చి, ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న టీ తాగి, "వాతావరణం ఆహ్లాదకరం" అని రాసుకుపోయారు.

ఆ సంస్థకి శాస్త్రవేత్తగా వచ్చింది డాక్టర్ సుభాషిణి. యాభై దగ్గర పడుతున్న మనిషి, మాట కాస్త కరుకు. ఆమె తమ్ముడు లారీ తోలేవాడు. పిడుగురాళ్ళ దాటాక ఒక మధ్యాహ్నం స్టీరింగు మీద తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. గుండె, అన్నారు. అప్పటి నుంచి గుండెకి పనికొచ్చే ఆకు ఏదన్నా సరే ఆమె వదిలిపెట్టదు. కొండల్లో పెరిగిన హాథార్న్ ఆకులో గుణం ఉందని ముందే తేలింది. ఈ గడ్డ మీద పెరిగిన ఆకులోనూ అది ఉంటుందా అన్నదే ఆమె తేల్చాల్సింది. ఉంటే ఇక్కడి లారీ డ్రైవరు కూడా కొనుక్కోగలిగే మందు తయారవుతుంది. దానికి ఆమెకి కావలసిందల్లా చెట్టు పూతకొచ్చినప్పుడు కోసిన గుప్పెడు ఆకు. గుప్పెడంటే గుప్పెడే.

చెట్లు భీమవరం రొయ్యల లారీలో ఐసుగడ్డల మధ్య వచ్చాయి. చలిబండ్లు అవే దొరికాయట. దిగేటప్పుడు సంస్థ ఆవరణంతా రొయ్యల వాసన, వాటి వెనకే ఊళ్ళో పిల్లులన్నీను. శివరాత్రి వెళ్ళేలోపు చెట్లన్నీ ఒకటొకటిగా మాడిపోయాయి. సిమెంటు తొట్టిలో ఉన్న ఒక్కటి మిగిలింది. సుభాషిణి దాన్ని తన గదిలోకి లాక్కుని, చుట్టూ తడిగోనెలు కట్టి, రోజూ చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది. అయినా చైత్రం వచ్చేసరికి దాని ఆకులు అంచుల వెంట నల్లబడడం మొదలెట్టాయి. ఇక ఏసీ తప్ప దారి లేదని, ఆమె సూపరింటెండెంట్ ఆదిశేషయ్య దగ్గరికి వెళ్ళింది.

ఆదిశేషయ్య సర్వీసంతా రూళ్ళ పుస్తకాల మధ్యే గడిపిన మనిషి. ఇంట్లో సాంబారులో ఉప్పు తక్కువైనా, "ఏ నిబంధన కింద తగ్గించారు?" అని అడుగుతాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఏసీ డిప్యూటీ డైరెక్టరూ ఆపై స్థాయి అధికారులకి మాత్రమేనమ్మా," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "తమరు అసిస్టెంటు డైరెక్టరు. తమ గదికి పంకా. చెట్టంటారా, దానికి కేడరే లేదాయె. పంకా కూడా దండగే."

"ఏసీ నాక్కాదు బాబూ, చెట్టుకి! చెట్టు చచ్చిపోతే ఈ సంస్థ ఎందుకు?"

"సంస్థ ఎందుకన్నది విధాన నిర్ణయం. అది మన స్థాయి కాదు."

ఇద్దరూ కలిసి డైరెక్టర్ డాక్టర్ కోదండపాణి దగ్గరికి వెళ్ళారు. ఆయన జీవితంలో ఒక్క నిర్ణయం కూడా తీసుకోకుండా డైరెక్టరు దాకా ఎదిగిన పుణ్యాత్ముడు. మంత్రిగారు వచ్చేనెల చెట్టుని చూడ్డానికి వస్తున్నారన్న ఫోను అప్పుడే పెట్టేశారేమో, ముఖం పాలిపోయి ఉంది. తన గదిలో చెట్టుని పెట్టుకుందామా అంటే, సందర్శకులు సాయంత్రం అయిదు దాటాక అధికారి గదిలో ఉండరాదని ఆదిశేషయ్య గుర్తుచేశాడు. అధికారి లేని గదిలో రాత్రంతా ఏసీ తిరిగితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరని కూడా చెప్పాడు.

"మరెట్టాగయ్యా?" అన్నారు డైరెక్టరు దీనంగా.

ఆదిశేషయ్య కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్ళలో వెలుగు. "డిప్యూటీ డైరెక్టరు పోస్టు ఖాళీగా ఉంది సార్. గదుంది, గదికి ఏసీ ఉంది. గది అధికారిది. చెట్టుని ఆ పోస్టులో తాత్కాలికంగా నియమించామనుకోండి, ఏసీ దానంతటదే వస్తుంది. అధికారి రాత్రి కూడా డ్యూటీలోనే ఉంటారు కనక ఆడిట్ కూడా నోరెత్తదు."

 ఆ పోస్టు నిజానికి సుభాషిణికి రావలసింది. పాత ఆఫీసులో ఉన్నప్పటి నుంచీ ఇదిగో వచ్చె అదిగో వచ్చె అంటూ ఊరిస్తున్న హోదా. కానీ గదిలో ఆకులు నల్లబడుతున్నాయి.

"ఈ ఒక్క వేసవికేగా," అంది. "కానివ్వండి. నాకభ్యంతరం లేదని రాసిస్తాను."

రాసిచ్చింది కూడా. ఆమె చేసిన తప్పల్లా అదే.

నియామక ఉత్తర్వుల్లో 'శ్రీ' అని రాయాలా 'శ్రీమతి' అని రాయాలా అన్న దగ్గర రెండు రోజులు ఆగింది. ఈ చెట్టు పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయని సుభాషిణి చెప్పబోతే, ఆదిశేషయ్య చెవులు మూసుకుని "ఆఫీసులో ఇటువంటి మాటలెందుకమ్మా" అన్నాడు. చివరికి, ఆ గదికి ఆనుకుని ఉన్నది మగవారి మరుగుదొడ్డి కాబట్టి 'శ్రీ' ఖాయమైంది. తలుపు మీద పేరు పలక వెలిసింది. అటెండరు దస్తగిరికి తెల్ల బట్టలు కట్టించి తలుపు దగ్గర స్టూలేసి కూర్చోబెట్టారు. ఏసీ చల్లగా వీస్తుంటే హాథార్న్‌గారు వారం తిరక్కముందే తేరుకున్నారు.

మంత్రిగారు వచ్చి చూసి, "బాగా పెంచుతున్నారయ్యా" అని ముళ్ళు తగలకుండా దూరం నుంచే నమస్కారం పెట్టి వెళ్ళారు. వేసవీ వెళ్ళింది. చెట్టు మాత్రం కుర్చీ దిగలేదు. తాత్కాలికంగా నియమించడానికి రూలు దొరికింది గానీ దించడానికి దొరకలేదన్నాడు ఆదిశేషయ్య.

అధికారి అన్నాక హాజరు వేయాలి కదా. రోజూ పొద్దున్నే దస్తగిరి ఫోను పట్టుకుని హాథార్న్‌గారి ముఖాన్ని హాజరు యాప్‌లో ఫొటో తీసేవాడు. ఏ వైపు ముఖం అని మొదట గందరగోళపడ్డా, కిటికీ వైపున్న కొమ్మల్ని ముఖంగా నిర్ధారించారు. శీతాకాలంలో ఆకులు రాలి యాప్ గుర్తుపట్టడం మానేసింది. హాథార్న్‌గారు అక్కడే కూర్చుని ఉండగా గైర్హాజరు పడసాగింది. "గుండు చేయించుకున్న వాళ్ళకి ఇట్టాగే అవుద్ది మేడమ్, తిరుపతి ఎల్లొచ్చారని రాయిద్దామా?" అన్నాడు దస్తగిరి. రాయించారు.

అధికారి అన్నాక ఫైళ్ళు చూడాలి కదా. ఫైళ్ళు తెచ్చి తొట్టి ముందు పెట్టేవారు. మూడు రోజుల్లో అధికారి నుంచి అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే భావించవచ్చని ఆదిశేషయ్య ఎక్కడో వెతికి పట్టుకున్నాడు. దాంతో సంస్థలో ఫైళ్ళు ఎన్నడూ లేనంత జోరుగా కదిలాయి. ఇంతకుముందు పనిచేసిన ఆఫీసుల్లో అధికారులు ప్రతి కాగితానికీ "మాట్లాడండి" అని రాసి చావగొట్టేవాళ్ళు. ఈయన అరవడు, అలగడు, సెలవు రోజున ఇంటికి పిలిచి కూరగాయలు తెమ్మనడు. గుమాస్తాలకి ప్రాణం లేచొచ్చింది. జనవరి ఒకటో తారీఖున అందరూ వరసగా వెళ్ళి నిమ్మకాయలు సమర్పించి, "హ్యాపీ న్యూ ఇయర్ సార్" అని చెప్పొచ్చారు. తొట్టి చుట్టూ నిమ్మకాయలు గుట్టపడితే దస్తగిరి ఇంట్లో ఆ ఏటికి సరిపడా పచ్చడి పెట్టారు. గణతంత్ర దినోత్సవం నాడు ఉత్తమ అధికారి ప్రశంసాపత్రం కూడా హాథార్న్‌గారికే వచ్చింది. ఆయన తరఫున కోదండపాణిగారు అందుకుని, ఫొటోలో తొట్టి పక్కన నిలబడి నవ్వారు.

సుభాషిణి ఇవన్నీ పళ్ళ బిగువున భరించింది. ఎవరేం చేసుకుంటే నాకేం, మాఘం వెళ్ళనీ, పూత రానీ, నా గుప్పెడు ఆకు నేను కోసుకుంటాను అనుకుంది.

పూత వచ్చింది. కొమ్మల నిండా లేతాకు, ఆకుల మధ్య తెల్లటి చిన్న చిన్న పూలు. ఆ పొద్దున ఆమె చిన్న కత్తెర, గాజు గిన్నె పట్టుకుని డిప్యూటీ డైరెక్టరు గది ముందుకొచ్చింది. మనసు పెళ్ళికి పోతున్నట్టుంది.

దస్తగిరి స్టూలు మీంచి లేచి అడ్డం నిలబడ్డాడు. "చీటీ రాసీండి మేడమ్, సారుకి చూపిచ్చి పిలుస్తా."

"చెట్టుకి చీటీ ఏందిరా?"

"చెట్టనమాకండి మేడమ్. ఎవరన్నా వింటే బాగుండదు." అతని చూపు కత్తెర మీద పడింది. "ఓర్నాయనో! కత్తెరెందుకు?"

"ఆకు కొయ్యడానికి."

"సారు ఒంటి మీద కత్తెరేస్తారా!" అని దస్తగిరి పెట్టిన కేకకి ఆఫీసంతా వరండాలోకి వచ్చిపడింది.

ఆదిశేషయ్య వచ్చి, ఆమెని పక్కకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పాడు. "అమ్మా, మీరు చదువుకున్నవారు. కింది ఉద్యోగి పై అధికారి శరీరంలోంచి భాగాన్ని ఆయుధంతో వేరుచేయడం ప్రవర్తనా నియమావళి ప్రకారం ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? వారి లిఖితపూర్వక అంగీకారం కావాలి."

"సరే. ఫైలు పెడతాను. మూడు రోజులు ఆయన కిమ్మనకపోతే ఆమోదించినట్టేగా?"

ఆదిశేషయ్య ముఖంలో మెచ్చుకోలు కనిపించింది. తెలివైన ప్రశ్న ఎదురైతే ఆయనకి సరదా. "మామూలు విషయాల్లో అంతేనమ్మా. కానీ ఇక్కడ అధికారిగారు స్వయంగా సంబంధమున్న వ్యక్తి. తనకి సంబంధించిన ఫైలు మీద తాను నిర్ణయం తీసుకోరాదు. పైకి పంపాలి."

పైనున్నది కోదండపాణి. ఆయన ఫైలుని తాకి చెయ్యి కాలినట్టు ఇంకా పైకి పంపారు. రాజధాని నుంచి జవాబు వచ్చేసరికి పూత సగం రాలిపోయింది. ఈలోగా ఉద్యోగుల సంఘం గేటు దగ్గర షామియానా వేసింది. సంఘం అధ్యక్షుడు ఏడుకొండలు మైకు పట్టుకుని, "ఇయ్యాళ అధికారి ఆకు కోస్తామంటున్నారు, రేపు గుమాస్తా చెవి కోస్తారు, ఎవరడుగుతారండీ?" అని గొంతు చించుకున్నాడు. సుభాషిణి వరండాలోంచి విని, నీ చెవిలో ఏ మందూ లేదు లేవయ్యా అని గొణుక్కుంది.

వచ్చిన జవాబు ఇది: సదరు అధికారి ఆకులు ఇవ్వడానికి శారీరకంగా తగినవారో కాదో వైద్య మండలి పరీక్షించి నివేదించవలెను.

జిల్లా ఆసుపత్రి నుంచి సివిల్ సర్జన్ ఒకాయన, ఇద్దరు సహాయకులతో వచ్చాడు. చెట్టుని చూసి బిత్తరపోతాడని సుభాషిణి ఆశపడింది. ఆయన బిత్తరపోలేదు. ప్రభుత్వ కాగితం చేతిలో ఉంటే ఆయన దేనికీ బిత్తరపోడు. స్టెతస్కోపు కాండానికి ఆనించి కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. బీపీ పట్టీ ఒక లావుపాటి కొమ్మకి చుట్టి రబ్బరు బుడ్డి నొక్కాడు. ఒక ముల్లు పట్టీలో దిగి గాలంతా పోయింది.

"బీపీ పడిపోయింది," అన్నాడు గంభీరంగా. "నాడి అసలు అందడం లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నారు?"

"పుట్టినప్పటి నుంచి," అంది సుభాషిణి.

"వంశపారంపర్యం అన్నమాట," అని రాసుకున్నాడు. "గుండె చాలా బలహీనంగా ఉంది. ఈ స్థితిలో ఒక్క ఆకు కూడా తీయడానికి నేను ఒప్పుకోను. ముందు గుండెకి బలం ఇచ్చే మందు వాడాలి." ఆ మధ్య మంత్రిగారి దయవల్ల బాగా పేరొచ్చిన మందు ఒకటుందని చెప్పి, చీటీ మీద రాసిచ్చాడు. సుభాషిణి చీటీ అందుకుని చదివింది. హాథార్న్ పాకం, రోజుకి రెండు పూటలా, భోజనం తర్వాత.

"ఈ మందు ఎక్కడ దొరుకుతుంది డాక్టరుగారూ?" అని అడిగింది.

"మీ సంస్థే తయారు చేస్తోందిగా?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

 ఆయన జీపు గేటు దాటేవరకూ ఆమె ఆగింది. పూలు ఇంక పై కొమ్మల్లోనే మిగిలాయి, ఇవాళో రేపో అవీ రాలతాయి. మళ్ళీ పూత రావాలంటే ఏడాది. ఆమె తిన్నగా వెళ్ళి, దస్తగిరిని "తప్పుకో నాయనా" అని భుజం పట్టి పక్కకి జరిపి, పట్టపగలు, అందరూ చూస్తుండగా, హాథార్న్‌గారి కొమ్మల్లోంచి పూలతో సహా గుప్పెడు ఆకు కత్తిరించింది. ముళ్ళు గీరుకుని మోచేతి దాకా నెత్తురొచ్చింది. గిన్నెలో ఆకు చూసుకుని ఆమె నవ్వింది. ఎంత ఆనందమనిపించిందో! ఆ ఆనందం ప్రయోగశాల గుమ్మం వరకూ నిలిచింది.

గుమ్మంలో ఆదిశేషయ్య ఒక కవరు పట్టుకుని ఉన్నాడు. ఆకులు నేరానికి సంబంధించిన సాక్ష్యమట. ఆమె చూస్తుండగానే వాటిని కవర్లో పోసి, లక్క కరిగించి ముద్ర వేసి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. సాయంత్రానికి ఆమెని సస్పెండు చేసిన ఉత్తర్వు వచ్చింది. గాయపడిన హాథార్న్‌గారికి ప్రత్యేక సెలవు మంజూరైంది. ఆ సెలవు వారు అదే గదిలో గడిపారు.

సుభాషిణి ఇంట్లో కూర్చుని వంకాయలు తరుగుతూ ప్రభుత్వాన్ని తిట్టింది, తమ్ముడి ఫొటో చూసి ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. వర్షాలు వచ్చి వెళ్ళాయి. దసరా వెళ్ళాక విచారణాధికారిని వేశారు. ఆయన రిటైరైన పెద్ద ఉద్యోగి. మెత్తని మనిషి. తనకూ గుండెజబ్బు ఉండడంతో ప్రతి మెట్టు మీదా ఆగి ఆయాసం తీర్చుకుంటూ వచ్చాడు.

విచారణ మొదటి రోజే చిక్కుపడింది. కవర్లో ఉన్నవి హాథార్న్‌గారి ఆకులేనని రుజువు చేయాలి. చింతాకో వేపాకో కాదని ఎవరు చెప్పారు? నిపుణుల పరీక్ష జరగాలి. అటువంటి పరీక్ష చేయగల ప్రయోగశాల రాష్ట్రంలో ఒక్కటే ఉంది. ఆ ప్రయోగశాలలో నిపుణురాలు ఒక్కతే ఉంది. ఆదిశేషయ్య రెండు రోజులు నిద్రాహారాలు మాని పుస్తకాలన్నీ తిరగేశాడు. ముద్దాయి నిపుణురాలు కాకూడదని ఎక్కడా లేదు. నిపుణురాలు సస్పెన్షన్‌లో ఉండకూడదని మాత్రం ఉంది. అందుచేత ఆమె సస్పెన్షన్‌ని ఆ వారం వరకు సస్పెండు చేశారు.

అలా, లక్క ముద్ర వేసిన కవరుని పోలీసు కాపలాతో తీసుకొచ్చి, పళ్ళెంలో పెట్టి, సుభాషిణి చేతికిచ్చారు. ఆమె ప్రయోగశాల తలుపు వేసుకుని నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. ఆకు ఎండి గలగలమంటోంది, అయినా ఫరవాలేదు, గుణం ఎండితే పోదు. అవి హాథార్న్ ఆకులేనని అరగంటలో తేల్చింది. మిగిలిన వారమంతా ఇన్నాళ్ళుగా కాచుకున్న తన పరీక్ష చేసింది. కొండల్లో పెరిగిన ఆకు నమూనా ఒకవైపు, ఈ ఆకు ఒకవైపు. నానబెట్టింది, వడగట్టింది, సారం తీసింది. కొండ ఆకు సారం గాజు గొట్టంలో ముదురు రంగు తేలి మెరిసింది. హాథార్న్‌గారి ఆకు సారం బియ్యం కడిగిన నీళ్ళలా ఉండిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

ఆమె స్టూలు మీద కూలబడింది. అంతుపట్టని సంగతేం కాదు. ఎండ మాడ్చాలి, మంచు కొరకాలి, పురుగు తొలచాలి. అప్పుడు చెట్టు ప్రాణం కాపాడుకోడానికి ఆ సారాన్ని పుట్టించుకుంటుంది. అదే మనకి మందు. ఈ చెట్టుకి ఆ అవసరం ఏనాడు కలిగింది? ఏసీ, తలుపుకి మనిషి, కదలక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. గుణమంతా ఇగిరిపోయింది. ఒట్టి ఆకు మిగిలింది. నేనే కూర్చోబెట్టాను దీన్ని ఆ గదిలో, నా చేత్తో రాసిచ్చి మరీ కూర్చోబెట్టాను అనుకుంటే ఆమెకి గుండె పిండినట్టయింది.

విచారణాధికారి ఆత్రంగా అడిగాడు, "ఉందా అమ్మా? మందు ఉందా?" ఆ ప్రశ్న విచారణకి సంబంధించింది కాదు, ఆయనకి సంబంధించింది.

"లేదు సార్. ఏమీ లేదు."

ఆయన ముఖం వాడిపోయింది. "పోనీ ఉందని రాయరాదూ? ప్రజాప్రయోజనం కోసం కోశారని మీ మీద కేసు కొట్టేస్తాను. డైరెక్టరుగారికి తృప్తి, మంత్రిగారికి తృప్తి. మీ ఉద్యోగం మీకుంటుంది," అన్నాడు. మంచికోరే చెప్పాడు పాపం.

"ఉందని రాస్తే రేపు ఎవడో గుండె పట్టుకుని ఈ నీళ్ళు తాగుతాడు సార్. మీరే తాగుతారేమో." ఆమె నివేదిక మీద సంతకం చేసి ముందుకి తోసింది.

విచారణ ముగిసింది. కోసిన ఆకులకి ఏ విలువా లేదని తేలినందువల్ల ప్రభుత్వానికి నష్టం లేదని మొదటి అభియోగం కొట్టేశారు. అదే రోజు రెండో అభియోగం చేతికొచ్చింది. కోదండపాణిగారు స్వయంగా పిలిచి ఇచ్చారు. "తమ పై అధికారిలో ఎటువంటి గుణమూ లేదని లిఖితపూర్వకంగా పేర్కొని, వారి ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు."

"ఏంటమ్మా సుభాషిణీ ఇది," అన్నారు ఆయన నొచ్చుకుంటూ. "పై అధికారిలో ఏమీ లేదని ఎవరికి తెలియదు? తెలిసినంత మాత్రాన రాసేస్తారా?"

ఆమె కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. బయట మార్గశిరపు పొద్దు, ఆ రాళ్ళ ఊరిక్కూడా కాస్త చలి పట్టింది, ఎండ పల్చగా పరుచుకుని ఉంది. ఆమె తన గదికి పోలేదు, డిప్యూటీ డైరెక్టరు గదిలోకి పోయింది. ఏసీ ఆపింది. కొంగు నడుముకి దోపుకుని తొట్టిని రెండు చేతులా పట్టుకుని గుమ్మం వైపు ఈడ్చింది.

"మేడమ్! మేడమ్! సారు చచ్చిపోతారు మేడమ్!" అని దస్తగిరి గోల పెట్టాడు.

"పోతే పోతుంది. ఇందులో ఉండి ఇప్పుడు ఏం బతికిందని? ఈ చలిలో అలవాటు చేసి చూస్తా. ముదిరే ఎండకి నీడ పందిరేస్తా. చెట్టుగా ఉంటుందో లేదో చూద్దాం."

కేకలకి ఆదిశేషయ్య ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో పుస్తకం తెరిచే ఉంది. "బదిలీ ఉత్తర్వులు లేకుండా అధికారిని సీట్లోంచి తొలగించడం! అమ్మా, ఇది మూడో అభియోగం అవుతుంది! చాలా పెద్దది!"

"రాసుకోండి ఆదిశేషయ్యగారూ, తీరిగ్గా రాసుకోండి," అంది సుభాషిణి రొప్పుతూ. తొట్టి గడప దగ్గర ఇరుక్కుని కదలడం లేదు. "ముందా పుస్తకం కింద పెట్టి ఆ వైపు పట్టండి!"

అంత గట్టిగా, అంత స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు ఆ సంస్థలో అంతవరకూ లేరు. ఆదిశేషయ్య పుస్తకం కింద పెట్టి, "చిత్తం మేడమ్" అని, వంగి ఆ వైపు పట్టాడు.